ఐసుముక్కకు అరగంట నీళ్లు

తెల్లారకముందే లేచి కొండమీది వాల్వు చక్రం తిప్పడం బంగారురాజు ఉద్యోగం. రైలు పనికొచ్చిన తండ్రి వెంట బొబ్బిలి వైపు నుంచి వచ్చి, బస్తర్ కొండల్లో కిరండూల్ రైలు లైను మీది ఒక ఇనుప గని టౌన్‌షిప్‌లోనే పెరిగాడు. కాంట్రాక్టు మనిషిగానే జుట్టు నెరిసింది. ఎవరింట్లో పొద్దున ఎసరు ఎప్పుడు పెట్టాలో అతని చేతిలో ఉంటుంది. అంతటి మనిషికి సొంతంగా ఒక కుళాయి లేదు. కూలీలుండే కింది క్యాంపులో అందరితోపాటు అతని భార్య నూకమ్మ కూడా బిందె పట్టుకుని వరసలో నిలబడాల్సిందే.

అవైనా ఏం నీళ్లు! ఇనుప కొండను తవ్వి రైళ్లకెత్తుతున్న చోట నీళ్లు తేటగా ఎలా వస్తాయి? తుప్పు రంగు. అందుకే క్యాంపులో ప్రతి కుళాయి మూతికీ ఒక పాతచీర పేలిక కట్టి ఉంటుంది. కాపురానికొచ్చిన కోడలికి అత్త ముందుగా నేర్పేది ఆ పేలిక కట్టడం, సాయంత్రానికి ఎర్రబడితే విప్పి ఉతకడం.

ఆ వేసవిలో పైబంగళాకు కొత్త మేనేజరు కుటుంబం దిగింది. నూకమ్మ అక్కడ వంటపనికి కుదిరింది. వాళ్ల వెంట బీరువా అంత ఫ్రిజ్జు వచ్చింది. సన్నపైపుతో నీళ్లు తానే తీసుకుని, తానే గడ్డకట్టించి, గ్లాసు పెడితే గలగలా ముక్కలు రాల్చే రకం. వీధి నీళ్లు పొద్దున కాసేపే వస్తాయి కాబట్టి దాని పైపును మిద్దెమీది ట్యాంకుకు కలిపారు. మొదట బాగానే రాల్చింది. తర్వాత ముక్కలు చిక్కిపోయి పెంకుల్లా పడ్డాయి. ఆఖరికి గరగర చప్పుడొక్కటే మిగిలింది.

టౌన్‌షిప్ నీళ్లు చూసే ఇంజినీరు సాబ్ వచ్చి చూసి, ట్యాంకు ఎత్తు చాలక ప్రెషరు రావడం లేదని తేల్చాడు. ఇనుప స్టాండు వేయించి ట్యాంకును పైకెత్తించాడు. ఇప్పుడు అంత ఎత్తుకు వీధి నీళ్లే ఎక్కలేదు. దానికీ ఆయన దగ్గర మందుంది.

“బంగారురాజూ, కింది క్యాంపు వాల్వు రోజూ అరగంట ఆలస్యంగా తెరువు. ఆ లోపు నీళ్లన్నీ పైబంగళాకే ఎక్కుతాయి.”

“జీ సాబ్,” అన్నాడు బంగారురాజు. అతని నోటికి అలవాటైన జవాబు అదొక్కటే.

మర్నాడు క్యాంపులో పొయ్యిల మీద కుండలు ఒట్టిగా కూర్చున్నాయి. మొదటి షిఫ్టు మగవాళ్లు ఖాళీ అన్నం డబ్బాలతో గనికెక్కారు. వరసలో అందరికన్నా ముందుండే కొంటా వైపు ఆడమనిషి పొజ్జే, బంగారురాజును చూడగానే అందుకుంది.

“ఏంది రాజన్నా, నీళ్లను నిద్ర లేపుడు మరిచినవా?”

“మోటారు చెడింది.”

“మోటారు చెడ్డదా, నువ్వు చెడ్డవా?”

వరసంతా నవ్వింది. ఇంటికొచ్చాక నూకమ్మ నవ్వలేదు.

“నాకాడ కూడా మోటారేనా మావా?”

చెప్పక తప్పలేదు. విని, ఆమె గోడకేసి తిరిగి కూర్చుంది.

“ఐసు కోసమా? ఆ ఫ్రిజ్జులో ఎట్టడానికి మన పిల్లల చెంబు నీళ్లు కావాలేటి?”

ట్యాంకు నిండింది. ఐసు మాత్రం పడలేదు. ఇంజినీరుకు కోపమొచ్చింది. “రేపట్నుంచి గంట ఆపు. నీకు చేతకాకపోతే చక్రం తిప్పే చెయ్యి ఇంకోటి దొరుకుతుంది.”

అరగంటకే పొజ్జే ముఖం చూడలేకపోతున్నవాడు గంటకు ఏం చెబుతాడు? నీళ్లు ఎక్కడ ఆగిపోతున్నాయో చూద్దామని ఆ మధ్యాహ్నం నిచ్చెన వేసుకుని మిద్దెమీది స్టాండు ఎక్కాడు. ట్యాంకు అంచు దాకా నిండి ఉంది. భుజం దాకా చెయ్యి ముంచి అడుగున తడిమాడు. ఫ్రిజ్జుకు దిగే పైపు మూతికి మెత్తగా ఏదో తగిలింది. లాగితే గుడ్డ. ఎర్రమట్టి పట్టి జిగురులా తయారైంది. కడిగి చూస్తే ఆకుపచ్చ మీద పసుపు అంచు. ఆ చీర అతనే కొన్నాడు.

కింద వంటింట్లో ఫ్రిజ్జు గటగటా నీళ్లు తాగుతున్న చప్పుడు వినిపించింది. అతను దిగివెళ్లి నూకమ్మకు గుడ్డ చూపించాడు. ఆమె గుండె మీద చెయ్యి వేసుకుంది.

“ఓలమ్మో! ఐసు ఎర్రగా రాకూడదని కట్టినాను మావా. ఉతుకుదామనుకుంటే అంత ఎత్తుకి ఎట్టేసినారు, నానెలాగెక్కుతాను?”

“నోరెత్తకు,” అని దాన్ని జేబులో కుక్కుకున్నాడు. తెలిస్తే ఆమె పని పోతుంది.

సాయంత్రం మేనేజరు భార్య మేడమ్ పెట్టిన గ్లాసులో ముక్కలు గలగలా రాలాయి. బంగారురాజును వెంటబెట్టుకుని చూడ్డానికొచ్చిన ఇంజినీరు ఛాతీ విరుచుకున్నాడు. “చూశారా మేడమ్! క్యాంపు నీళ్లు అరగంట ఆపేసరికి దారికొచ్చింది. ఇక రోజూ ఇదే టైము.”

బంగారురాజు నోటిదాకా జీ సాబ్ వచ్చింది. అంతలో నూకమ్మ అతని జేబులో చెయ్యి పెట్టి పేలికను బయటికి లాగింది. తనకొచ్చిన హిందీలో చెప్పింది. “ఇది నేను కట్టాను మేడమ్. దీనివల్లే ఐసు ఆగింది. నీళ్లు తక్కువై కాదు. నన్ను తీసేస్తే తీసెయ్యండి, క్యాంపు నీళ్లు ఆపకండి.”

మేడమ్ గ్లాసు కింద పెట్టింది. ఆమెకు ఐసు రావడం లేదని తెలుసు, రప్పించడానికి ఏం చేస్తున్నారో తెలియదు. పైన ఉన్నవాళ్లకు ఆ మాత్రం తెలియకపోవడం మన దగ్గర మామూలే.

“ఎవరి నీళ్లు ఆపారు?” అని ఇంజినీరును అడిగింది. ఆయన ఫ్రిజ్జు మీది లేబులు చదవడంలో మునిగిపోయాడు. “పాత టైముకే వదలండి, ట్యాంకును నీళ్లెక్కేంత కిందికి దించండి,” అంది. నూకమ్మను పొమ్మనలేదు, ఉండమనలేదు. మూడో నాటికి ఐసు ఎర్రగా పడింది. అప్పుడు మేడమే పిలిచి పేలిక కట్టమంది. ఈసారి నూకమ్మ ట్యాంకులోకి నీళ్లు పడే మూతికి కట్టించింది. వారానికోసారి దాన్ని విప్పివ్వడానికి నిచ్చెన ఎక్కే పని బంగారురాజుకు పడింది.

వాల్వు పాతవేళకు తిరిగిన తొలిరోజు అతను క్యాంపులోకి దిగేసరికి బిందెలు మోగుతున్నాయి.

“మోటారు బాగైందా రాజన్నా?” అంది పొజ్జే.

“బాగైంది. గొంతులో గుడ్డ ఇరుక్కుంది.”

“గుడ్డనా! ఎవలది?”

“నాదేనే,” అని వరస వెనకనుంచి నూకమ్మ అరిచింది. “ముందు నీ బిందె తియ్యి, పొర్లిపోతంది.”