వెండి ఇంకు అక్షరాలు

పాండిచ్చేరిలో మా కాలేజీ ల్యాబ్ అటెండరు ఏంబలం నుంచి బస్సులో వచ్చేవారు. దేన్నైనా చెక్ చేయందే ఆయనకు తోచదనుకునేదాన్ని.

చివరి సంవత్సరం ప్రాజెక్టుకి అట్ట మీద కరెంటు పారే వెండి ఇంకుతో తెలుగు అక్షరాలు రాశాను. అక్షరం మీద వేలు పెడితే, చిప్పులో రికార్డు చేసిన నా గొంతు దాన్ని పలికేది.

"ఇంట్లో తెలుగే మాట్లాడతాం మా, రాత మాత్రం రాదు. సదివిందంతా అరవమే," అన్నారాయన నవ్వుతూ.

రోజూ సాయంత్రం "చెక్ చేసేసి పోతా" అంటూ అట్ట దగ్గర చాలాసేపు నిలబడేవారు.

"ఊరికే నొక్కకండన్నా, ఇంకు పోతుంది," అని ఒకరోజు విసుక్కున్నాను. ఆ తర్వాత ఆయన అటు రాలేదు.

ప్రాజెక్టు పరీక్ష ముందురోజు మూడు అక్షరాలు పలకలేదు. వాటి మీదే ఇంకు అరిగిపోయింది. వరస మార్చి కలిపి చదివాను. అది ఆయన పేరు.

ఇంకు మళ్లీ దిద్ది, ఆరనిచ్చి, ఆయన్ని వెతుక్కుంటూ వెళ్లాను.

"అన్నా, మూడు అక్షరాలు కొత్తగా రాశాను. పలుకుతున్నాయేమో మీరే చూడాలి."

ఆయన అట్ట దాకా వచ్చి ఆగిపోయారు. "రేపు పరీక్ష గదా. మళ్లా చెడిపోతే ఏం జేస్తావు మా?"

"మళ్లీ రాస్తానన్నా."