మామ అడిగిన పడక

మామ పోయాడు. పోయిన సోమవారం పొద్దున ఆయన చిన్నకొడుకు ఎమ్మిగనూరు నుంచి మొదటి బస్సుకు ఆదోని వచ్చాడు. మార్కెట్ యార్డులో నేను పత్తి బోరాలు తూకం వేయిస్తుంటే వెనక నుంచి పిలిచాడు. వాడి ముఖం చూడగానే నాకు అర్థమైపోయింది.

"నాయన పోయినాడన్నా. కోడి కూసే యాళకు."

నేను మాట్లాడేలోపే నా చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వు ఇప్పుడే రావల్ల. ఇంట్లో పెద్ద రచ్చయితాంది. నన్ను పండబెట్టే పూడ్చండి, కూచోబెట్టొద్దండి అని నాయన మాతో ఒట్టేయించుకున్యాడు. మా అత్త మాట ఇంటే కద! నా తమ్మున్ని పండబెడితే నేనూ ఆ గుంటలో దూకుతా అంటాంది. ఎందుకు నాయనా అట్ల అడుగుతావు అంటే, ఆదోని అన్నకు తెలుసు అన్యాడు, అంతే. నువ్వొచ్చి సెప్పన్నా. పొద్దెక్కితే కాళ్ళు మడతబడవంట."

నాకు తెలుసు. తెలిసినందుకే కాళ్ళు రాలేదు.

చదివేవాళ్ళకు ఒక సంగతి చెప్పాలి. మామ వాళ్ళు మగ్గం నేసేవాళ్ళు, లింగం కట్టుకునే కులం. వాళ్ళలో చనిపోయినవాళ్ళను పండబెట్టరు. బాసింపట్టు వేయించి, చదరపు గుంటలో కూర్చోబెట్టి, అరచేతిలో లింగం పెట్టి, విభూతి, ఉప్పు పోసి పూడుస్తారు. దిక్కులేని శవాన్నే పండబెట్టి మన్ను కప్పేది అని వాళ్ళ నమ్మకం. అలాంటి ఇంట్లో పుట్టి, ముగ్గురు బిడ్డల తండ్రి అయి, ఊళ్ళో నలుగురు మర్యాద ఇచ్చే మనిషి, నన్ను పండబెట్టండి అని అడిగాడు.

ఆయన నాకు చుట్టం కాదు. కువైట్‌లో ఒకే గదిలో ఉన్నాం. గదిలో ఈరన్న ఆయన్ను మామా అని పిలిచేవాడు, నిజంగానే మేనమామ గనుక. వాణ్ణి చూసి మేమందరం మామా అన్నాం. ఒకసారి గది బాడుగకు వచ్చిన అరబ్బు కూడా "మామా" అని పిలిచాడు. ఆయన పలికాడు కూడా.

పంతొమ్మిదివందల డెబ్బై దాటాక ఆ కొన్నేళ్ళలో మా దిక్కున వానలు లేవు. పత్తి మిల్లుల్లో పని సగమైంది. మా నాయన మండీలో గుమాస్తా, నేను డిగ్రీ తప్పినవాణ్ణి. మామకు నూలు దొరకక మగ్గం ఆగింది. బొంబాయి ఏజెంటు ఒకడు వలవేస్తే అందరం ఒకే బుట్టలో పడ్డాం. ఇరవై రెండేళ్ళ వయసులో నాకు ఆదోని రైల్వే స్టేషనే పెద్ద ఊరు. కువైట్‌లో దిగిన మొదటి రోజు రోడ్డు దాటలేక ఒక స్తంభాన్ని పట్టుకుని నిలబడ్డాను. మామ వచ్చి నా మణికట్టు పట్టుకుని గొడ్డును దాటించినట్టు దాటించాడు.

"కార్లను సూడగాకప్పా. తోలేటోని కండ్లలోకి సూడు. వాడూ మనిషే కద."

గదిలో ఏడుగురం. ఒక్క ఏసీ, దాని శబ్దం ఆగిందంటే అందరికీ మెలకువ. ఎండాకాలంలో మిద్దె మీద ట్యాంకు కాగిపోయి చన్నీళ్ళ కొళాయి నుంచే సలసల కాగే నీళ్ళు వచ్చేవి. మామ అందరికంటే ముందు లేచి బకెట్లు నింపి మంచాల కింద తోసేవాడు, సాయంత్రానికి చల్లారుతాయని. పనిలో చెమట ఆరి చొక్కాల మీద తెల్లగా ఉప్పు పూసేది. నేను కంపెనీ స్టోరులో లెక్కలు రాసేవాణ్ణి కాబట్టి నీడ దొరికేది. ఈరన్నకు కట్టే మిద్దెల సారువ మీద పని. మామ ఒక ఆఫీసులో చాయ్ కాచేవాడు, గ్లాసులు కడిగేవాడు. నలభై ఏళ్ళు పోగులు పట్టిన వేళ్ళు సబ్బునీళ్ళకు పగిలిపోయాయి.

మాంసం తినని వాళ్ళం మేం ముగ్గురమే గనుక మా గిన్నె వేరు. మామ ఊరి నుంచి తెచ్చుకున్న చెనిక్కాయల పొడి అయిపోయిన రోజు గదిలో పండగ పోయినట్టు అయింది. ఖుబ్బూస్ తుంచి నోట్లో పెట్టుకుని, "ఇది రొట్టె గాదప్పా, రొట్టె ఫోటో" అనేవాడు. మేం నవ్వితే ఆయన నవ్వేవాడు కాదు. జొన్నరొట్టె గుర్తొస్తే ఆయనకు నిజంగానే కోపం వచ్చేది.

శుక్రవారం సెలవు. బస్టాండు దగ్గర మైదానంలో మన దేశం వాళ్ళంతా చేరేవారు. తెలుగు వినబడితే చాలు, మామ వెళ్ళి అడిగేవాడు, "ఆదోని దిక్కు వాళ్ళేమన్నా ఉండారా?" ఎప్పుడూ కడప వాళ్ళే తగిలేవారు. సరే అని వాళ్ళనే అడిగేవాడు, "మీ పక్క వానబడిందా?" కొత్తగా వచ్చిన వాడు పడిందంటే ఆ వారమంతా హుషారు. పడలేదంటే మిద్దె ఎక్కి, పిట్టగోడ అంచున కాళ్ళు కిందికి వేలాడేసి కూర్చునేవాడు. గుంట మగ్గం మీద కూర్చున్నవాడికి కాళ్ళు కింద వేలాడకపోతే కూర్చున్నట్టే ఉండదట. నాలుగంతస్తుల మీద అట్లా కూర్చుంటే మేం వెనక నుంచి చొక్కా పట్టుకునేవాళ్ళం.

నేను ఊరిమీద బెంగతో ఏడిస్తే ఆయన ఓదార్చలేదు. "ఏడువు. ఏడ్సినాక గిన్నె తోము" అన్నాడు. ఇంకొకసారి స్టోరులో అరబ్బు ఫోర్‌మన్ నన్ను తిడితే, మానేసి పోతానని పెట్టె సర్దుకున్నాను. మామ ఆ పెట్టె మీద కూర్చుని అన్నాడు, "పోగు తెగితే మగ్గం మీద అలుగుతామా? అతుక్కోని నేస్తాం. పండుకో." పాస్‌పోర్టు కంపెనీవాడి బీరువాలో ఉందనీ, అలిగినా పోలేననీ ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

ఈరన్న వాళ్ళమ్మకు ఒక్కడే కొడుకు. ఆమె మామకు అక్క. మొగుడు పోయాక తమ్ముడి ఇంటి పక్కనే ఉండి నూలు కండెలు చుట్టి బిడ్డను పెంచింది. ఉరుకుంద ఈరన్న స్వామి పేరు పెట్టుకుంది. వాణ్ణి కువైట్ తీసుకుపోతానని ఒప్పించింది మామే. ఆ సంగతి మామ ఎవరూ అడగకుండానే చెప్పేవాడు. "నేనే తోలుకొచ్చినా. నేనే తోలుకపోవల్ల."

గాలిదుమ్ము లేచిన ఒక మధ్యాహ్నం సారువ కూలింది. ఈరన్న అక్కడికక్కడే పోయాడు. మామకు చెప్పాల్సింది నేను. చాయ్ గ్లాసులు కడుగుతున్నాడు. చెప్పాను. చేతిలో ఉన్న గ్లాసు కడగడం పూర్తిచేసి, బోర్లించి, "వాడు నీళ్ళు తాగినాడా పొద్దున?" అని అడిగాడు. 

కాగితాలు తేలడానికి వారాలు పట్టింది. పోలీసు కాగితం, ఆసుపత్రి కాగితం, కంపెనీ కాగితం. మామ రోజూ పనికి పోయేవాడు. సాయంత్రం శవాల గది బయట నిలబడి వచ్చేవాడు. లోపలికి రానివ్వరు కదా మామా, ఎందుకు అంటే, "వానికి ఒక్కనికే ఉంటే బయమప్పా, సిన్నప్పట్నుంచి" అన్నాడు. అక్కడి కావలి పఠాన్ రెండో రోజో మూడో రోజో ఒక స్టూలు తెచ్చి వేశాడట. ఆ పఠాన్ చల్లగుండాలి.

ఊరి నుంచి అక్క చెప్పించిన మాట ఒక్కటే. నా కొడుకును నాకు తెచ్చియ్యండి, మన పద్ధతిలో కూర్చోబెట్టాలి. అప్పుడు మామకు ఒక ఆలోచన వచ్చింది. పొడుగు పెట్టెలో పండబెట్టి పంపితే బిగుసుకుపోతాడు, కూర్చున్నట్టే పంపుదాం అని. మిషన్లు వచ్చే పెట్టెల చెక్కలు నేను స్టోరు నుంచి ఇప్పించాను. ఒక శుక్రవారమంతా మలయాళీ వడ్రంగిని బతిమాలి మిద్దె మీద చదరపు పెట్టె చేయించాడు. కొలత కోసం నన్ను పిలిచాడు.

"కూచో అప్పా. నువ్వూ వాని అంతే ఉంటావు."

బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. మామ మోకాలి నుంచి మోకాలికి జానలు వేశాడు. తల మీద అరచెయ్యి ఆనించి ఎత్తు చూశాడు. ఆ చెయ్యి అట్లాగే కొంచెంసేపు నా తల మీద ఉండిపోయింది. నేను కళ్ళు మూసుకున్నాను.

ఆ పెట్టె పనికిరాలేదు. విమానాలవాళ్ళు అట్లాంటిది ఎక్కించేది లేదన్నారు. ఆసుపత్రిలోనూ, ఇప్పుడు వంచలేం, మంచులో బిగిసిపోయాడు అన్నారు. రేకు కొట్టి సీలు వేసిన పొడుగు పెట్టెలోనే ఈరన్న బయలుదేరాడు. మా చదరపు పెట్టెలో ఆ తర్వాత గదివాళ్ళు ఉల్లిగడ్డలు పోసుకున్నారు. ఎవరినీ తప్పు పట్టను. గదిలో చోటు తక్కువ.

నాకు ఒప్పందం ముగిసింది కాబట్టి తోడు వచ్చాను. మామ వీసా వదులుకునే వచ్చాడు. బొంబాయి దాకా విమానం, అక్కడి నుంచి ఆదోనికి రైలు. తెల్లవారి ఆదోని ప్లాట్‌ఫారం మీద పత్తి బేళ్ళ పక్కన దించారు. మండీలో తెలిసిన లారీ మాట్లాడాను. ఎమ్మిగనూరు దాకా మామ పెట్టె పక్కనే కూర్చుని, గుంతలు వచ్చినప్పుడల్లా రెండు చేతులా అదిమి పట్టుకున్నాడు.

లారీ ఇంటి దగ్గర ఆగకుండా నేరుగా శ్మశానానికి పోయింది. అక్కడ చదరపు గుంట తవ్వి ఉంచారు. అప్పటికే పెట్టె నుంచి వాసన. వాళ్ళ ఆచారంలో ఆడవాళ్ళు గుంట దాకా రారు. మగవాళ్ళను మామే రోడ్డు మీద ఆపేశాడు. గుంట దగ్గర మిగిలింది మామ, నేను, కర్మ చేయించే జంగమయ్య, తవ్వే ఇద్దరు. మూత తీస్తే చూడలేరు అని జంగమయ్య చెప్పాడు. పొడుగు పెట్టె ఆ గుంటలో పట్టదు. మామ గడ్డపార తీసుకుని తనే దిగాడు. మేనల్లుణ్ణి పండబెట్టడానికి గుంటను పొడుగు చేశాడు. నేను పార పట్టుకుంటే వద్దన్నాడు.

మేం ఇంటికి వచ్చేసరికి ఈరన్న తల్లి గడపలో నిలబడి ఉంది. "కూచోబెట్టినారా?"

"కూచోబెట్టినామక్కా" అన్నాడు మామ. "బాసింపట్టు ఏసి, సేతిలో లింగం పెట్టి. రాజు మాదిరి కూచున్యాడు."

ఆమె అప్పుడు ఏడ్చింది. ఆ ఏడుపులో ఎంత నిమ్మళం ఉందో విన్నవాళ్ళకే తెలుస్తుంది. ఆ ఒక్క మాట పట్టుకునే ఆమె ఇన్నేళ్ళు బతికింది. ఇంటికి ఎవరొచ్చినా చెప్పేది, సముద్రం అవతల నుంచి తెచ్చి నా తమ్ముడు నా బిడ్డను కూర్చోబెట్టినాడు అని. ఆమె మొదలుపెట్టగానే మామ లేచి మగ్గం మీదికి పోయేవాడు. ఒకసారి వెంట పోయాను. "వాడు ఆడ ఒక్కడే పండుకోనుండాడప్పా" అన్నాడు, నేసే నాడెను ఆపకుండానే. అంతకుమించి మేం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. జంగమయ్య పోయాడు. గుంట తవ్వినవాళ్ళు బళ్ళారి పక్కకు వలసపోయారు. ఎమ్మిగనూరు వాళ్ళెవరైనా ఇది చదివితే మీ కాళ్ళు మొక్కుతాను, ఆమెకు చదివి వినిపించకండి. ఆమెకు అక్షరాలు రావు.

సోమవారం నేను వెళ్ళేసరికి వీధిలో మగ్గాలన్నీ ఆగి ఉన్నాయి. మామను నట్టింట్లో చాప మీద పండబెట్టి ఉన్నారు, నిద్రపోతున్నట్టు. పక్కన ఆమె. కొడుకులిద్దరూ నా ముఖం చూస్తున్నారు. ఆమె నన్ను చూడగానే లేచింది.

"ఇదో, ఈ అప్ప వచ్చినాడు. ఈయప్ప ఉండె ఆ పొద్దు. సెప్పు నాయనా వీండ్లకు, నా కొడుకును నా తమ్ముడు ఎట్ల కూచోబెట్టినాడో. అట్లాంటోన్ని దిక్కులేనోని మాదిరి పండబెడతారంట!"

దారి పొడుగునా బస్సులో మామ తరఫున మాట్లాడాలనే అనుకున్నాను. ఆయన నా మీద పెట్టిపోయింది ఆ ఒక్కటే. కానీ ఈమెకు నిజం చెప్పకుండా ఆయన్ను పండబెట్టే ఉపాయం నాకు చెప్పిపోలేదు. మామ ముఖం వైపు చూశాను. ఆయన బతికుంటే ఏమని ఉండేవాడో, నాకు అనుమానం లేదు.

"బాగా కూచోబెట్టినాడమ్మా. నేను సూసినా" అన్నాను.

చిన్నకొడుకు తల వంచుకున్నాడు. పెద్దవాడు బయటికి పోయాడు.

అప్పటికే కాళ్ళు బిగిశాయి. ఆమె వేడినీళ్ళు తెప్పించుకుంది. ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. తమ్ముడి మోకాళ్ళ మీద తుండు పరిచి, చెంబుతో నీళ్ళు పోసి, రెండు అరచేతులతో రుద్దుతూ కూర్చుంది.

"వంగు నాయనా, వంగు. నా కొడుకు అంత దూరం నుంచి వచ్చి వంగినాడు. ఇంట్లో ఉండి నువ్వు వంగవా?"

కుడి మోకాలు వంగింది. ఎడమది ఎంత రుద్దినా వంగలేదు. ఆమె ఇంకో చెంబు నీళ్ళు పోసింది.