తాలుకాయను దాచని నల్లద్దాలు

కళ్ళజోళ్ళ షాపుకి ఎవరైనా డాక్టరు రాసిచ్చిన చీటీ పట్టుకుని వస్తారు. ఆదెమ్మ సంచీడు ఎండుమిరపకాయలు పట్టుకుని వచ్చింది.

పెనుబల్లి సెంటర్లో షాపు నాది. నా పేరు వెంకటకృష్ణ. పదకొండేళ్ళుగా అద్దాలు అమ్ముతున్నాను. నాకు ఓపిక తక్కువని ఊరంతా అంటారు, నిజమే. ఆవిడ వస్తూనే నా బల్లమీద గుడ్డ పరిచి సంచి బోర్లించింది. పైన ఫ్యాను తిరుగుతోంది. ఘాటు గదంతా కమ్ముకుంది. లోపల గోడమీది అక్షరాలు చదువుతున్న మాస్టారుగారు రెండో వరుస దాకా వచ్చి, గట్టిగా తుమ్మి, మూడో వరుస వదిలేసి బయటికి పరుగెత్తారు. మళ్ళీ రాలేదు.

"ఏమ్మా, ఇదేమైనా కిరాణా కొట్టనుకున్నావా?" అన్నాను.

"అద్దాల దుకాణమని ఎరుకే సారూ, గందుకే వచ్చిన. నీ తాన నల్లద్దాలు ఎన్ని రకాలున్నయో అన్నీ తీ. పెట్టుకొని నా కాయలు చూస్కోవాలె."

"మిరపకాయలు చూడ్డానికి నల్లద్దాలా?"

"మరి దేనికి, ఫొటోలు దిగనీకా?"

ఆవిడ అందరినీ నువ్వు అనే మనిషి. కలెక్టరొచ్చినా అంతేనట. నేను తుమ్ముతూ కళ్ళు తుడుచుకుంటూ కూర్చోమన్నాను. కూర్చోలేదు. నిలబడే తన కథంతా చెప్పింది.

ఆదెమ్మది అడవి అంచున గూడెం. ఎండాకాలం తునికాకు, వానాకాలం నాట్లు, చలి వెనకబట్టిన దగ్గర్నుంచి మిరప కల్లాలు. కల్లంలో ఆవిడ పని తాలు ఏరడం. తెల్లమచ్చలు పడి రంగు పోయిన ఎండుకాయను తాలు అంటారు. సగం పచ్చిగా ఉండగానే ఎండిపోయిన కాయనూ అందులోనే పారేస్తారు. ఖమ్మం మార్కెట్లో బస్తా విప్పినప్పుడు గుప్పెట్లోకి నాలుగు తాలుకాయలొస్తే కొనేవాళ్ళ మొహం మాడిపోతుంది. ఆదెమ్మ కింద పదకొండు మంది ఆడవాళ్ళు పనిచేస్తారు, ఆవిడే మేస్త్రి. అవతలివాళ్ళతో కబుర్లు చెబుతూనే రెండు చేతులా ఏరేస్తుంది. పద్దెనిమిదేళ్ళుగా రైతు వెంకటరామారావుగారి కల్లంలో ఏరే పని ఆవిడదే. ఆయనది తాతగారి కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్న కుటుంబం. ఆదెమ్మ ఏరిన కాయ అంటే మార్కెట్లో బస్తా విప్పకుండానే తీసుకునేవాళ్ళట.

ఈ మధ్య ఆవిడ ఎడమకంట్లో, తెల్లగుడ్డు మీద మాంసం పొర పెరగడం మొదలైంది. దవాఖానాలో డాక్టరమ్మ చూసి, ఎండా దుమ్మూ తగిలితే పొర నల్లగుడ్డు మీదికి పాకుతుందని, చూపు మసకబారుతుందని, చలవద్దాలు లేకుండా ఎండలో కూర్చోవద్దని చెప్పింది. ఎలాంటి అద్దాలో చెప్పలేదు. ఆదెమ్మ అడగలేదు.

భద్రాచలం పోయినప్పుడు రోడ్డుపక్క బల్లమీద నచ్చినవి కొనుక్కుంది. ముదురు ఎరుపు అద్దాలు, పక్కలకు బంగారు రంగు. అవి పెట్టుకుని కల్లంలో మూడు రోజులు కూర్చుంది.

"మూడొద్దులూ ఒక్క తెల్లమచ్చ కాయ గూడ కనపడలేదు సారూ. ఈ ఏడు పంట మస్తుగొచ్చిందని అయ్యకు నేనే చెప్పిన. లడ్డూలు గూడ పంచిండు."

నాకు నవ్వాగలేదు. ఎర్రటి అద్దంలోంచి చూస్తే తెలుపూ ఎరుపూ ఒకటే. "మరి మిగతా పదకొండు మందికీ కళ్ళు లేవా?" అన్నాను.

"ఉన్నయి. కని నేను మంచికాయ అన్నంక కాదని ఎవరంటరు? మా సోమ్లి అయితే తన కండ్లే పోయినయని ఏడ్చుకుంట దవాఖానాకు పొయ్యి చుక్కల మందు తెచ్చుకుంది."

సరుకు ఖమ్మం పోయి తిరిగొచ్చింది. వెంకటరామారావుగారు కల్లంలో అందరిముందూ ఆ అద్దాలు లాక్కుని, సాక్ష్యం అని తన జేబులో పెట్టుకున్నారట. సోమవారం కొత్త కల్లం పోస్తున్నామని, కళ్ళకు ఏమీ లేకుండా వస్తే రమ్మని, అద్దాలతో వచ్చేట్టయితే ఇంకో మేస్త్రిని చూసుకుంటానని చెప్పేశారు.

"అద్దాలు పెడితే పని పాయె, తీస్తే కన్ను పాయె. నువ్వే చెప్పు సారూ, ఏది ఇడిచిపెట్టాలె?" అంది.  నాకు జాలేసింది. జాలేస్తే నాకు ఇంకా కోపమొస్తుంది, అది నా జబ్బు.

"రంగు ముదురుగా ఉంటే రక్షణ అని ఏ దద్దమ్మ చెప్పాడమ్మా నీకు?" అని అరిచాను. పాపం ఆవిడకెవరూ చెప్పలేదు. బల్లకింద నుంచి ఊదారంగు టార్చి తీశాను. ఎండలో కంటికి చెడుచేసే అతినీలలోహిత కిరణాలే ఇందులోనూ ఉంటాయి. దాని వెలుగులో వందనోటుమీది దారం మెరుస్తుంది. మధ్యలో మంచి అద్దం అడ్డుపెడితే మెరుపు పోవాలి. షాపులో చూపించడానికని దాచిన రోడ్డుపక్క అద్దమొకటి పెట్టాను, దారం జిగేలుమంది. ముదురు అద్దం వెనక కంటిపాప పెద్దదవుతుంది. అద్దం ఆ కిరణాలను ఆపకపోతే అవి ఇంకా ఎక్కువ లోపలికి పోతాయి, అంతకన్నా ఉత్త కళ్ళే నయం. ఇదంతా చెప్పాను. ఆదెమ్మ శ్రద్ధగా విని, "సరే, మంచివి తీ మరి" అంది.

టార్చి పరీక్షలో నెగ్గినవి పదిహేడు జతలు. ఇక ఆవిడ పరీక్ష మొదలైంది. ఒక్కో జత పెట్టుకోవడం, కుప్పలో చెయ్యి పెట్టడం, ఎర్రవి ఇటు, తాలు అటు. గోధుమరంగు అద్దాలు పెట్టుకుని నాలుగు కాయలు ఏరి తీసేసింది. "ఇది పొగుడుతది. అన్ని కాయలనూ మంచిగున్నయంటది." నీలం పెట్టుకుని, "గిది ఏడుపుగొట్టుది, ఎర్రకాయను గూడ సచ్చినట్టు జూపిస్తది." పసుపుది పెట్టుకుని ఆవిడే నవ్వుకుని తీసేసింది. బయటివైపు అద్దంలా మెరిసే జత పెట్టుకుంటే ఆవిడ కళ్ళలో నా ఎర్రటి ముక్కు నాకే కనపడింది. నేను లెక్కలేనన్ని సార్లు తుమ్మాను. బేరానికొచ్చిన ఇద్దరు గుమ్మంలోంచే తిరిగిపోయారు. ఇంత సేపు ఏ కస్టమరునైనా భరించానా అంటే లేదు. కానీ ఒక్క మాట ఒప్పుకోవాలి, రంగు గురించి ఆవిడ చెప్పిన ప్రతిదీ కరెక్టే.

పద్నాలుగో జత బూడిదరంగు. అన్ని రంగులనూ సమానంగా తగ్గిస్తుంది, ఏదీ మార్చదు. ఆదెమ్మ చేతులు ఒక్కసారిగా వేగం పట్టాయి. రెండు నిమిషాల్లో నా బల్లమీద రెండు కుప్పలు తయారయ్యాయి.

"ఇది ఉన్నదున్నట్టు చెప్తది సారూ!"

పక్కలనుంచి ఎండ దూరకుండా వెడల్పు కాడలు కూడా ఉన్నాయి. ధర కూడా ఆవిడకు అందేదే. అయిపోయిందనుకుని ఊపిరి పీల్చుకున్నాను. అప్పుడు అద్దంలో మొహం చూసుకుని పెదవి విరిచింది.

"గిది సర్కారు నౌకరి లెక్కున్నది. పదకొండు మంది ముంగట కూసుండేదాన్ని, జర సోకుండాలె గదా?"

అదే లెన్సును వెడల్పు కాడలే ఉన్న ముదురు మెరూన్ ఫ్రేములో, పిల్లికన్నులా అంచులు పైకి లేచినదాంట్లో బిగించి ఇచ్చాను. ఆవిడ ఎడమకు తిరిగి చూసుకుంది, కుడికి తిరిగి చూసుకుంది. నిజం చెప్పొద్దూ, బ్రహ్మాండంగా ఉంది.

సోమవారం షాపు మూసి నేను కూడా కల్లానికి పోయాను. నాకేం పని అంటారా? నా అద్దం అబద్ధం చెబుతుందని ఎవరైనా అంటే నేను ఊరుకోను.

చుట్టుపక్కల కల్లాల్లో పందిళ్ళు వేసి, ఆకుపచ్చ వలలు కట్టి, నీడన కూర్చుని ఏరుతున్నారు. ఈయన కల్లం మాత్రం బొత్తిగా ఎండలో ఉంది. కిందనుంచి సెగ, పైనుంచి సెగ. వెంకటరామారావుగారు తలపాగా చుట్టుకుని నిలబడి ఉన్నారు. ఆదెమ్మ కొత్త అద్దాలతో దిగేసరికి పదకొండు మందీ "అబ్బో!" అన్నారు. ఆయన మొహం ఇంత చేసుకున్నారు.

"ఏవమ్మా, నేనేం చెప్పాను? నువ్వేం చేశావు?"

"పని జూసి మాట్లాడు అయ్యా," అని ఆదెమ్మ కూర్చుని ఏరడం మొదలుపెట్టింది.

అరగంటలో పక్కన తాలు కుప్ప లేచింది. నేను రెండు కుప్పలూ తిరగేసి చూశాను. ఒక్క తప్పు లేదు. వెంకటరామారావుగారు తాలు కుప్పలో చెయ్యి పెట్టి గుప్పెడు తీశారు. గుప్పిట్లో ఉన్నవన్నీ సగం పచ్చిగా ఎండిన కాయలు, ముదురు ఆకుపచ్చ చారలు గజం దూరానికి కనపడుతున్నాయి.

"చూశారా, చూశారా! బంగారంలాంటి కాయలు తీసుకెళ్ళి తాలులో పారేసింది!" అని నా మొహం మీద పెట్టారు. "ఏం అద్దాలండీ ఇవి? దీనికన్నా ఆ మొదటివే నయం!"

కోపంలో జేబులోంచి ఆ సాక్ష్యం తీసి, వెక్కిరింపుగా తనే పెట్టుకుని, గుప్పిట్లోకి చూసుకున్నారు. 

"ఇదేంటి... ఈ చార నల్లగా ఉందేంటి?"

అద్దాలు తీశారు. కాయ చూశారు. పెట్టుకున్నారు. తీశారు. పెట్టుకున్నారు. మంచికాయల కుప్ప దగ్గరకు పోయి చూశారు, తాలు దగ్గరకు వచ్చి చూశారు. తలపాగా ఊడి భుజం మీద పడింది. అరవై దాటిన మనిషి, బంగారు కాడల ఆడవాళ్ళ అద్దాలతో కల్లమంతా గంతులేస్తుంటే పదకొండు మందీ ఏరడం మానేసి చూస్తున్నారు. సోమ్లి చుక్కల మందు కోసం కొంగుముడి విప్పింది.

నాకు అర్థమైంది. ఎర్ర అద్దంలో పచ్చ నల్లబడుతుంది. ఈయనకు పుట్టుకనుంచీ ఎరుపుకీ పచ్చకీ తేడా తెలియదు. జీవితంలో మొదటిసారి తేడా కనపడింది. పద్దెనిమిదేళ్ళుగా తాలు తాలు అని ఊరంతా వినపడేలా అరిచిన మనిషికి సగం తాలు కనపడనే కనపడదు!

ఆయన బస్తా మీద కూలబడ్డారు. "మా ఇంట్లో కూడా తెలీదండీ," అన్నారు మెల్లగా.

"నాకు ఎరుకే," అంది ఆదెమ్మ. చేతులు ఆపలేదు. "మొదటేడే తెల్సింది. పచ్చికాయ నోట్లె ఏస్కొని బాగా పండిందన్నవు. చెప్తే నీ కాయ ఎవరు కొంటరు? మా పన్నెండు మందికి పనెవరిస్తరు? గందుకే చెప్పలే."

నాకు మండింది. "అయ్యా, అది సరే. అందరూ నీడన ఏరిస్తుంటే మీరెందుకు వీళ్ళని ఎండలో కూర్చోబెట్టారు?"

 ఆయన అద్దాలు తీసి చేతిలో పట్టుకున్నారు.

"మంచి ఎండలో అయితే... నాకు కొంచెం తేడా తెలిసినట్టుండేది."

 పద్దెనిమిదేళ్ళ ఎండ! ఈయన కంటికి లేనిది కనపడాలని ఆవిడ కంటిమీద పొర పెరిగింది. ఆదెమ్మ చేతులు మొదటిసారి ఆగాయి. అద్దాలు పైకి తోసి, ఎడమకన్ను కొంగుతో ఒత్తుకుంది. గులాబిరంగు పొర నల్లగుడ్డు అంచున ఉంది. ఆయన చూశారు. ఆ రంగు ఆయనకు తెలిసిందో లేదో గాని, కళ్ళనీళ్ళు మాత్రం బొటబొటా కారిపోయాయి.

"ఆదెమ్మా, నేను..."

"ఏడుద్దువుగని అయ్యా," అందావిడ, అద్దాలు సర్దుకుంటూ. "ముందుగాల లేసి నీడ కట్టు."