ఓడ బొమ్మ మెడల్‌తో కాన్‌బెర్రాకు

యుద్ధాల్లో పోయిన సైనికుల్ని తలుచుకునే ఆన్జాక్ డేకి, స్కూల్ అసెంబ్లీలో మా ఆద్య క్లాసు పిల్లలు చాలామంది ముత్తాతల మెడల్స్ పెట్టుకొస్తారు. "మనకెందుకు లేవు?" అని ఏడేళ్ల మా అమ్మాయి వారం రోజులు అడిగింది. ఆగలేక ఇక్కడే సిడ్నీ కెల్లీవిల్‌లో ఎవరో ఇంటి పాత సామాన్లు అమ్ముతున్న గరాజ్ సేల్‌లో ఓడ బొమ్మ ఉన్న పాత మెడల్ కొనేశాను. కొన్నాక భయం పట్టుకుంది. ఎవరిదని టీచర్ అడిగితే? కాన్‌బెర్రాలో ఒక మ్యూజియంలో యుద్ధకాలపు మెడల్స్ పెట్టారని విని, దాని సంగతేంటో కనుక్కుందామని శనివారం బయల్దేరాం.

పెండిల్ హిల్‌లో ఐదు నలభైకి ట్రైన్, సెంట్రల్‌లో ఏడింటికి బస్సు. వాంతుల కవర్లు మూడు తెచ్చాను, ఒక్కటీ వాడలేదు.

పదిన్నరకు దిగాం. మ్యూజియంలో టికెట్ లేదు, టైమ్ మాత్రం ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి. మూడో అద్దాల పెట్టెలో అచ్చం మా మెడల్ లాంటిదే! వెనకవైపు కూడా కనిపించేలా పెట్టారు. మాది అరిగిపోయింది కాబట్టి, దాని వెనక బొమ్మలో టికెట్ కౌంటర్‌లో ఉన్నది బట్టతల గుమాస్తా అనుకున్నాను ఇన్నాళ్లూ. కాదు, అస్థిపంజరం. ఎదురుగా జనం టికెట్ల కోసం తోసుకుంటున్నారు.

ఆద్య కళ్లు మూయబోయాను. నా చెయ్యి తోసేసింది. "హూ వన్ దిస్?"

అక్కడి వాలంటీర్, ఒక పెద్దావిడ, వంగి చెప్పింది. "ఎవరూ గెలవలేదు, డార్లింగ్. ఇది వెక్కిరించడానికి చేసింది."

మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్లు ఒక ప్రయాణికుల ఓడను ముంచారు. ప్రమాదమని తెలిసీ టికెట్లు అమ్మారంటూ ఓడ కంపెనీని ఎగతాళి చేస్తూ ఒక జర్మన్ శిల్పి ఈ మెడల్ పోత పోశాడట. బ్రిటిష్ వాళ్లు దాన్నే కాపీ కొట్టి, 'చూడండి, మన చావుల్ని పండగ చేసుకుంటున్నారు' అని తమ జనానికే అమ్మారట. అసెంబ్లీ సంగతి చెప్పి మా మెడల్ చూపిస్తే, ఇదీ అలాంటి కాపీయే కావచ్చంది.

"ఇది గుండె మీద పెట్టుకునేది కాదు," అంది నాతో మెల్లగా. తల ఎత్తలేకపోయాను.

బయట పచ్చికలో పులిహోర తిన్నాం. అసెంబ్లీ సంగతి ఎత్తడానికి నాకు ధైర్యం చాల్లేదు.

నాలుగింటి బస్సులో పక్క సీట్లో గుంటూరు కుర్రాడు. సిడ్నీలో యూనిలో చదువుతున్నాడట. ఆద్య చేతిలో మెడల్ చూశాడు.

"ఏంటమ్మా బుజ్జీ, రన్నింగ్ రేసా?"

"నో. పీపుల్‌కి కోపం రావాలని చేశారు."

"అబ్బో! మరి నీకొచ్చిందా?"

ఆద్య మెడల్ తిప్పి, అరిగిపోయిన ఆ జనం మీద వేలు పెట్టింది. "నాకు వీళ్లు పాపం అనిపించింది. అసెంబ్లీలో అదే చెప్తా. పెట్టుకోను, చేత్తో పట్టుకుంటా."

కుర్రాడు నవ్వు ఆపేశాడు. "ఏదీ, సరిగ్గా చూపించు," అని ఇటు జరిగాడు.

పిల్లలకు ఇలాంటివి చూపించొచ్చా అని అడిగితే, చూపించమనే చెప్తాను. ఆ రోజంతా భయపడింది నేనొక్కదాన్నే.