శివలీల మైక్రోస్కోపు, ఈరక్క మేకపోతు

బేతంచెర్ల నుంచి సముద్రం చూడాలంటే ఒక రాత్రంతా రైల్లో పోవాలి. అయినా మా కాలేజీ జువాలజీ మేడం శివలీల ఏడేళ్లపాటు సముద్రపు పురుగుల వీర్యకణాలను పరిశోధించి డాక్టరేట్ తెచ్చుకుంది. ఊరు ఆమెను తగినట్టే గౌరవించింది. పత్తికి పురుగు పడితే రైతులు కాయలు పట్టుకుని ఆమె ఇంటికి వస్తారు. తెలుగు చెప్పే నాకు ఆ మాత్రం గిరాకీ కూడా లేదు.

పెళ్లయి తొమ్మిదేళ్లయినా ఆమెకు పిల్లల్లేరు. అత్త ఈరక్క ఆమెను మహానంది కోనేట్లో ముంచింది, నాటుమందులు మింగించింది. కర్నూల్లో మూడుసార్లు స్కానింగు చేసి, ఏ లోపమూ లేదని రాసిచ్చారు. బండల ఫ్యాక్టరీ నడిపే మొగుడు వీరభద్రకు మాత్రం పరీక్షలతో పనిలేదు. మగాడు కదా, మీసం చూస్తేనే తెలిసిపోతుంది. ఆ సౌకర్యం పురుగులకు లేదు, పాపం. ఒకసారి పరీక్ష చేయించుకోమని శివలీల ధైర్యం చేసి అడిగితే, అతను అన్నం పళ్లెం విసిరికొట్టాడు. ఉగాది దాటితే కొడుక్కి ఇంకో పెళ్లి చేస్తానని ఈరక్క తేల్చేసింది. అది తలుచుకుంటే నాకు ఒళ్లు మండేది.

ఒక ఆదివారం నేను వాళ్లింట్లో ఉండగానే, శివలీల పాఠం కోసం వేస్తున్న బొమ్మను ఈరక్క తొంగిచూసింది.

"ఏందమ్మీ ఇవి?"

"సముద్రపు పురుగుల వీర్యకణాలు అత్తా. నీళ్లలోకి వదిలేసే జాతికి తల పొట్టిగా ఉంటాది. ఆడపురుగు తన గూట్లోనే గుడ్లు దాచుకునే జాతికి సన్నగా, పొడుగ్గా ఉంటాది. తోక ఆడకపోతే ఏదీ గుడ్డు దాకా పోలేదు."

"పోకుంటే?"

"పిల్లలు పుట్టవు."

"ఆడదాంట్లో ఏం లోపం లేకున్యా?"

"లేకున్యా."

నలభై ఏళ్లు మేకలు కాసిన ఈరక్క గోడకు ఆనుకుని కూర్చుంది.

"మా మందలో ఒకేడు ఒక్క మేకా సూడి కట్టలే. మేకల్ని ఎవురూ తిట్టలేదు. పోతును మార్చినాం."

శివలీల పెన్సిల్ కింద పెట్టి ఏడ్చేసింది. అప్పుడే వీరభద్ర అన్నానికి వచ్చి పీట మీద కూర్చున్నాడు.

"రేపు కర్నూలుకు పోయి పరీక్ష చేయించుకో నాయనా," అంది ఈరక్క.

"నాకేమైందమ్మా?"

"ఏం కాకుంటే మంచిదే. పోతును మార్చినట్ల నిన్ను మార్చేకి కాదు గదా."

వీరభద్ర మొహం ఎర్రబడింది. చెయ్యి ముందుకు చాచాడు. కానీ ఆరోజు అతని ముందు పళ్లెం ఇంకా ఎవరూ పెట్టలేదు.