బూడిద పట్టించిన జొన్నలు

విత్తనం వేయడంలో నా చెయ్యి మంచిదని మా ఊళ్ళో పేరుండేది. ఎద్దులు గొర్రు లాగుతుంటే వెనకే నడుస్తూ, గొర్రుకు కట్టిన చెక్కగిన్నెలోకి పిడికిట్లోంచి గింజలు సమంగా వదలాలి. అది ఆడవాళ్ళ పని. ఉత్తర కార్తె వచ్చిందంటే నన్ను పిలవని ఇల్లు లేదు. నాకున్న పేరు అదొక్కటే.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. మాది ఆళ్ళగడ్డకు నడిచిపోయేంత దూరంలో ఉన్న పల్లె. నాలుగెకరాల నల్లరేగడి. ఆ ఏడు మా విత్తనపు జొన్నలకు పురుగు పట్టింది. పక్కూళ్ళో మా అన్న ఉన్నాడు కదా, విత్తనం అడుగుదామని వెళ్ళాను.

నేను పోయేసరికి వాళ్ళ వాకిట్లో పాతర తెరుస్తున్నారు. పాతరంటే భూమిలో బాన ఆకారంలో తవ్విన గొయ్యి. తినే జొన్నలు అందులో పోసి, మూత పెట్టి మన్ను కప్పేస్తారు. తెరవగానే మనిషి దిగకూడదు. అన్న తాడుకు దీపం కట్టి దించాడు. నిలువెత్తు దిగకముందే ఆరిపోయింది.

“ఎవురూ దిగాకండప్పా, సస్తారు” అన్నాడు.

మధ్యాహ్నం దాకా ఆగి, దీపం నిలిచాక మనుషులు దిగారు. నేను వదినతో వంటింట్లో ఉన్నాను. సాయంత్రం అన్న లోపలి గదిలోంచి మూట తెచ్చి నా ముందు పెట్టాడు. గింజలకు బూడిద పట్టించి ఉంది. విత్తనాలకు బూడిద కలిపి, కుండలో పోసి ఉట్టిమీద పెట్టడం మా ఆచారం.

“కుండలోవే కదన్నా?”

“మరి యాడివనుకుంటాండావ్? తోడబుట్టినదానికి పాతర జొన్నలిస్తానా?”

పాతర జొన్నలు తినడానికే, మొలవవని మాలో పసిపిల్లకు కూడా తెలుసు. ఎందుకు మొలవవో మాత్రం ఎవరికీ తెలియదు.

వాన పదునులో విత్తనం వేశాం. పది రోజులు చూసినా ఆడొకటి ఈడొకటి తప్ప మొలక లేదు. తవ్వి చూస్తే గింజలు మెత్తగా కుళ్ళిపోయి ఉన్నాయి. మళ్ళీ వేద్దామంటే నేల ఆరిపోయింది. ఆ ఏడు పొలం బీడు. మా అత్త నా చేతిని తిట్టింది. అన్న వచ్చి గట్టున నిలబడి, నలుగురూ వింటుండగా అన్నాడు: “విత్తనం మా చేన్లో బాగానే మొల్చింది. దాని చేతిలోనే ఏమో ఉండాది, ఏం చేస్తాం?”

శనగ వేసే రోజుల్లో నన్ను ఎవరూ పిలవలేదు.

మిగిలిన గింజలు కొంగున కట్టుకొని, మా ఇంటాయనతో బస్సెక్కి నంద్యాల వ్యవసాయ ఫారానికి వెళ్ళాను. అక్కడి అయ్యవారు గింజలు నీళ్ళలో పోసి కడిగాడు. బూడిద పోయింది. వాసన లేచింది. పాతర వాసన. గాలాడక మగ్గిన ఆ మక్కు వాసన నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మా ఇంటాయన నా ముఖం వైపు చూశాడు. నేను నీళ్ళ వైపు చూశాను.

అయ్యవారు ఉల్లిపాయ పొర తీసి సూక్ష్మదర్శిని కింద పెట్టి చూడమన్నాడు. రాళ్ళు పేర్చిన గోడలాగా గదులు గదులు. ఒక్కో గదిలో ఒక చుక్క.

“ఆ గదులే ప్రాణమమ్మా. మీ జొన్నగింజలోనూ అట్లాంటివే. ఎండిన గింజ కూడా సన్నగా గాలి పీలుస్తుంది, లోపలి తిండి కొంచెం కొంచెం తింటుంది. మూసిన గోతిలో గాలంతా అదే వాడుకుంటుంది. చెమ్మ, వేడి పుడతాయి. ముందు చచ్చేది మొలక.”

“దీపం ఆరేది అందుకేనా సామీ?”

“అందుకే.”

పుట్టినప్పటి నుంచి పాతరలో దీపం ఆరడం చూస్తున్నాను. లోపలి గాలి ఎవరు తిన్నారని ఒక్కనాడూ అడగలేదు. తర్వాత కొన్నేళ్ళకు పెద్దల బడిలో అక్షరాలు నేర్చుకున్నాను. కణం అన్న మాట మొదటిసారి కూడబలుక్కొని చదివినప్పుడు నాకు తగిలింది ఆ మక్కు వాసనే.

బస్సు దిగి ఇంటికి పోలేదు. నేరుగా అన్న ఇంటికి పోయాను.

“ఏందీ, ఇంత ఎండలో వచ్చినావ్?”

“ఉట్టిమీద కుండలేవీ?”

కాసేపు తల గోక్కున్నాడు. “మా చేనుకు పోను మిగిలినవి మీ వదిన తమ్ముడు అడిగితే ఇచ్చినా. కాదంటే ఇంట్లో రచ్చయితాది. పాతరవైనా కొన్నన్నా మొలుస్తాయిలే అనుకుంటి.”

“లేవని చెప్పింటే ఇంగో ఇంటికి పోయేదాన్ని. బూడిదెందుకు పూసినావు?”

అన్న తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

“సరే, తప్పు గింజది, దాని చేతిది కాదని మా ఊళ్ళో ఒక్క మాట చెప్పు.”

“నా పరువేం కావాల మే? నీదైతే ఆడదాని చెయ్యి. వచ్చేడుకు మర్చిపోతారు.”

పొలం పోయినందుకు ఏడవలేదు నేను. ఆ మాటకు ఏడ్చాను.

మరుసటేడు ఇంకొకరి దగ్గర విత్తనం తెచ్చి, అయ్యవారు చెప్పినట్టే గుప్పెడు గింజలు తడిగోనెలో చుట్టి, అవి మొలకెత్తాయని చూసుకున్నాకే మిగతావి వేశాను. చేను ఒత్తుగా లేచింది. నా చెయ్యి మళ్ళీ మంచిదైందని మా అత్త ఊరంతా చెప్పింది. చెయ్యి చెడిందెప్పుడని అడిగాను.

పిలుపులు మళ్ళీ వచ్చాయి. అన్న కూడా వచ్చాడు, తన చేన్లో విత్తనం వేయమని.

“తడిగోనెలో మొలకెత్తిచ్చి తీసుకురా. చూసినాక వస్తా.”

“తోడబుట్టినోణ్ణి నమ్మవా?”

“నమ్మను” అన్నాను.