గ్రేమేర్ లోయ దారికి ఈ సాయంత్రం ఐదింటి వరకే గడువు

మోటారు చప్పుడు చెవిన పడకుండా మీరు చివరిసారి ఒక గంటసేపు ప్రార్థించింది ఎప్పుడు? నిజం చెప్పండి. క్యారీ ఊళ్లో మా పెరట్లో మోకరిస్తే పక్కింటివాళ్ల గడ్డి కోసే మిషన్, దాని వెనక హైవే హోరు. పెనుగాలిలోనూ భూకంపంలోనూ అగ్నిలోనూ కాక, అవన్నీ పోయాక వచ్చిన సన్నని స్వరంలో దేవుడు ప్రవక్తతో మాట్లాడాడని వాక్యం చదువుకున్నవాళ్లం మనం. ఆ స్వరం కోసమే ఆరేళ్లుగా మా క్రైస్తవ సహవాసం నార్త్ కరోలినా పడమటి కొండల్లోని గ్రేమేర్ లోయకు ఉపవాస ప్రార్థనకు వెళ్తోంది. నడిచేవాళ్లూ గుర్రాల మీద వచ్చేవాళ్లూ తప్ప ఇంకెవరూ రాకూడని దారి అది. దాన్ని డర్ట్ బైకులకూ, కొండల్లో తోలే నాలుగు చక్రాల మోటారు బళ్లకూ తెరవాలని ఇప్పుడు ప్రతిపాదన వచ్చింది. ప్రజలు ఏమంటారో వినడానికి మొన్న శనివారం అటవీ శాఖవాళ్లు సభ పెట్టారు. అందుకే బయల్దేరాను.

నేను పాస్టర్ని కాను. బైబిల్ కాలేజీ గడప తొక్కలేదు. ఆదివారాలు మావాళ్లకు వాక్యం చెప్తాను, అంతే. అయినా మా సహవాసం తరఫున అభ్యంతరం తెలిపే ఉత్తరం రాసింది నేనే. వాట్సాప్ గ్రూపులో పెట్టి, "ఒక్క అక్షరం మార్చొద్దు, కింద మీ పేరు వేసి పంపండి" అన్నాను. ఒకరు ప్రార్థన నడిపిస్తే మిగతావాళ్లు ఆమేన్ అనడం మాకు అలవాటే కదా. అరవై ఎనిమిది కుటుంబాలు అలాగే పంపాయి. పంపనిది ఒక్క ప్రసాద్ కుటుంబమే. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. నన్ను సభకు తీసుకెళ్లిన కారు నడిపింది కూడా అతనే.

ఉదయం ఐదింటికి ఐ-40 హైవే ఎక్కి పడమటికి తిరిగాం. గ్రీన్స్‌బరో దాటాక అడిగేశాను.

"నువ్వింకా ఎందుకు పంపలేదు ప్రసాద్?"

"హెచ్-వన్ మీద ఉన్నాం అన్నా. గవర్నమెంట్‌కి అబ్జెక్షన్ అని పేరు రాసిస్తే, రేపు వీసా స్టాంపింగ్‌లో అడగరా?"

"భయపడవద్దని వాక్యంలో ఎన్నిసార్లుందో తెలుసా?"

"తెలుసన్నా. ఆ వాక్యాన్ని వీసా ఆఫీసర్ చదివాడో లేదో తెలీదు."

రానుపోను పెట్రోలుకు అరవై డాలర్లు దాటింది. ఆష్‌విల్ ఊరు దాటాక గంటసేపు మెలికల దారి, ఫోన్‌కు సిగ్నల్ ఉండదు. పదింటికి లోయ మొదట్లో కారు ఆపాం. అక్కడ పార్కింగ్ ఉచితం.

దారికి అడ్డంగా ఓక్ చెట్టొకటి కూలి ఉంది. ఎలెన్ అప్పటికే దాని దగ్గర ఉంది. ఒకప్పుడు స్కూల్ బస్సు నడిపిన ఆమెకు డెబ్బై దాటాయి. ఈ దారిని కాపాడే వాలంటీర్లకు ఆమే పెద్ద. ఇంజిన్ రంపం ఇక్కడ వాడరు. ఇద్దరు పట్టుకునే పొడవాటి చేతిరంపమే. రెండో పిడి నా చేతికిచ్చింది. బలమంతా పెట్టి తోశాను. రంపం విల్లులా వంగింది.

"తొయ్యకు ప్రీచర్! లాగడమొక్కటే నీ పని. నా వంతు వచ్చినప్పుడు ఊరికే వదిలెయ్. వదలడం మీవాళ్లకు నేర్పరా?"

ప్రసాద్ పగలబడి నవ్వాడు. గంటలో దారి తెరిచాం. రెండో వాగు దగ్గరికి తీసుకెళ్లి ఆమె చూపించింది చూశాక మాత్రం నవ్వులు ఆగిపోయాయి. దారి మొదట్లో ఉన్న గేటు పక్కనుంచి ఎవరో బళ్లు తోలుకొచ్చారు. గట్టు మోకాటిలోతున చీలి, నీళ్లు ఎర్రమట్టి రంగులో పారుతున్నాయి.

"గేటు మూసి ఉంటేనే ఇలా ఉంది," అంది ఎలెన్.

రెండింటికి దగ్గర్లోని ఊళ్లో సభ. హాలు నిండిపోయింది. బళ్లకు దారి తెరవాలనే టోపీలవాళ్లు గోడవారగా చేతులు కట్టుకుని నిలబడ్డారు. వాళ్లలో ఒక పెద్దాయన మైకు ముందుకు కుంటుకుంటూ వచ్చాడు. "నా మోకాళ్లు పోయాయి. మా నాన్న వేటాడిన చోటు మళ్లీ చూడాలంటే నాకు నాలుగు చక్రాలు కావాలి," అన్నాడు. ఆయన బాధ నిజమైనదే.

నా వంతు వచ్చింది. మూడు నిమిషాలు. చీలిన గట్టు గురించి ఉరిమాను. "అరవై ఎనిమిది కుటుంబాలు మీకు రాశాయి!" అని ముగించాను.

బల్ల వెనకున్న అధికారిణి కాగితాలు తిరగేసింది. "చూశాం సర్. అన్నీ ఒకటే ఉత్తరం. ఇది ఓటింగ్ కాదు. ఒకే మాటను ఎంతమంది పంపినా మేం ఒకే అభిప్రాయంగా చూస్తాం."

వెనకెవరో కిసుక్కున నవ్వారు. అరవై ఎనిమిది ఇళ్ల నోళ్లు మూయించింది శత్రువు కాదు, నేనే.

అప్పుడు ప్రసాద్ లేచాడు. "సిటిజెన్స్ కానివాళ్లు రాయొచ్చా మేడమ్?"

"ఎవరైనా రాయొచ్చు. మీ స్టేటస్ మేం అడగం. ఎక్కడ, ఎప్పుడు, ఏం చూశారో మీ మాటల్లో రాయండి. సోమవారం సాయంత్రం ఐదింటికల్లా అందాలి."

తిరుగుదారిలో సిగ్నల్ వచ్చిన మొదటి పెట్రోల్ బంకులో ప్రసాద్ కారు ఆపి, ఫోన్‌లో చాలాసేపు టైప్ చేశాడు. పంపి, నాకు చూపించాడు. లేఆఫ్ అయిన వారం, వీసా పోకుండా ఇంకో ఉద్యోగం వెతుక్కోవడానికి అరవై రోజులే ఉన్నప్పుడు, భార్యతో కలిసి ఆ లోయలో నడిచాడట. ఇంట్లో నాలుగు రోజులుగా ఇద్దరి మధ్యా మాటల్లేవు. రెండో వాగు దగ్గర ఆమె చాలా చిన్నగా, "నాకు భయమేస్తోంది" అంది. 'అక్కడ ఒక్క ఇంజిన్ ఉన్నా ఆ మాట నాకు వినబడేది కాదు' అని రాశాడు.

యెరూషలేము గోడ తిరిగి కట్టినప్పుడు చాలామంది తమతమ ఇళ్ల ఎదుటి భాగాన్ని తామే బాగుచేశారని వాక్యంలో ఉంది. ఆ అధ్యాయం మీద ఎన్నిసార్లు ప్రసంగించానో! అయినా నా జనం చేతుల్లోంచి రాళ్లు లాక్కుని గోడంతా నేనొక్కణ్ణే కడదామనుకున్నాను. ఆమేన్ అంటే ఒప్పుకోవడం. సాక్ష్యం అంటే నీ కళ్లు చూసింది నీ నోటితో చెప్పడం. ఆ బల్ల వెనకున్నవాళ్లకు కావలసింది సాక్ష్యం.

గ్రేమేర్‌కే కాదు, ఇలాంటి ఏ దారికోసం రాసినా ఒకటే సూచన: మీరు నడిచిన నెల, నిలబడిన చోటు, అక్కడ చూసింది, విన్నది రాయండి. నాలుగు వాక్యాలు చాలు. నా ఉత్తరం ఎవరి దగ్గరున్నా చెరిపెయ్యండి. ఖడ్గం రావడం చూసి కూడా బూర ఊదని కావలివాడి మీదే చనిపోయినవాళ్ల రక్తాపరాధమని వాక్యం. ఇదిగో, ఊదుతున్నాను. ఈ రోజు సోమవారం. లంచ్ బ్రేక్‌లో ఫోన్ తియ్యండి. ఐదు కొట్టకముందే, మీ పేరుతో, మీ మాటల్లో అటవీ శాఖకు పంపండి!